శనివారాల కొమాద్రే

సన్నీసైడ్, వాషింగ్టన్
1997 ఫిబ్రవరి 16, ఆదివారం

తమ్ముడు ఫిదెన్సియోకు,

నువ్వు క్షేమంగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈపాటికి ఎవరో ఒకరు కబురు పెట్టేవాళ్ళు. నువ్వు మాత్రం పెట్టవు. జనవరిలో చేపల ఫ్యాక్టరీ పనికి అలాస్కాకు విమానం ఎక్కినవాడివి ఇప్పటికి ఒక్క కార్డు పంపావు, అందులోనూ చేపల గురించే రాశావు. ఇక్కడ ఒక అక్కా, ఒక కూతురూ ఉన్నారని గుర్తుందా? ఫోను చెయ్యమంటే ద్వీపం మొత్తానికీ ఒకటే ఫోను అంటావు, క్యూలో మూడు గంటలంటావు. సరే, ఉత్తరాలే రాసుకుందాం. నువ్వు కూడా రాస్తేనే సుమా.

నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ప్యాకింగ్ షెడ్డులో ఈ నెలంతా ఎర్ర ఆపిల్సే. పక్కింటివాళ్ళు కొత్తగా ఒక కోడిపుంజును తెచ్చారు. ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు అది మన వంటింటి కిటికీ కిందే కూస్తుంది. దాన్ని పులుసు పెట్టేస్తానని వాళ్ళకు రెండుసార్లు చెప్పాను, నవ్వుతున్నారు.

ఇక అసలు సంగతి. మన మారిసేలాకు బడివాళ్ళు ఒకావిడను ఇచ్చారు. ఇవ్వడమేమిటని నేనూ అడిగాను. పేరు నోర్మా బెనవీదెస్. యాభై ఏళ్ళుంటాయి. పొలాలకు కాలువ నీళ్ళు పంచే ఆఫీసులో పని చేస్తుంది. ఆవిడ అమ్మానాన్నలు కూడా దుంపల పొలాల్లో నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళేనట. మన భాష మాట్లాడుతుంది గానీ, ప్రతి మాట దగ్గరా ఆగి వెతుక్కుంటుంది. ప్రతి శనివారం పది గంటలకు వచ్చి పిల్లను లైబ్రరీకి తీసుకెళ్తుంది. పక్కన కూర్చుని చదువు సంగతులు మాట్లాడుతుంది. పైసా తీసుకోదు.

“ఈవిడ నీకేమవుతుందే?” అని పిల్లను అడిగితే, “నా పక్కన నిలబడే మనిషి అత్తా. నాకు తెలియని దారులు ఆవిడకు తెలుసు” అంది. అమ్మానాన్నా కాకుండా పిల్ల పక్కన నిలబడే మనిషిని మనం ఏమంటాం? జ్ఞానతల్లి అంటాం. బడివాళ్ళకు ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందనుకున్నాను. పెట్టె తెరిచి, మారిసేలా బాప్తిస్మం నాటి కొవ్వొత్తి తీసి ఆవిడ చేతిలో పెట్టి, “ఈ రోజు నుంచి మీరు పిల్లకు జ్ఞానతల్లి, మాకు కొమాద్రే” అన్నాను. ఆవిడ కొవ్వొత్తి పట్టుకుని కాసేపు నా మొహంలోకి చూసి తలూపింది. మారిసేలా గోడవైపు తిరిగి నిలబడింది. ఎందుకంత సిగ్గో నాకు అర్థం కాలేదు.

కాబట్టి నీకూ కొత్త కొమాద్రే వచ్చింది. మర్యాదగా ఒక ముక్క రాసి పంపు.

నీ అక్క,
ఎవెలియా


అలాస్కా
మార్చి 4

అక్కా,

ఉత్తరం అందింది. చదివి ఒళ్ళు మండిపోయింది. చేతులు కూడా కాస్త వెచ్చబడ్డాయి, అందుకు మాత్రం నీకు రుణపడ్డాను.

నా కూతురికి జ్ఞానతల్లి ఉంది. ఆమె పేరు రోసౌరా, పిల్ల తల్లి అంపారోకు సొంత చెల్లెలు. చర్చిలో నేనూ, అంపారో, నువ్వూ చూస్తుండగా పిల్లను ఎత్తుకుంది. నువ్వే ఆ రోజు కోడికూరకు మోలే మసాలా మాడబెట్టావు. అంపారో పోయి నాలుగేళ్ళు కాలేదు, ఆమె చెల్లెలి చోటు నువ్వు వంటింట్లో నిలబడి ఎవరికో ఇచ్చేశావు. నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?

పైగా నేను చూడని మనిషి, మన భాష సరిగ్గా పలకడం కూడా రాని మనిషి. ఆవిడకు భర్త ఉన్నాడా? లేడని నువ్వు రాయలేదు, ఉన్నాడనీ రాయలేదు. నువ్వేదో సంబంధం చూస్తున్నావేమోనని కూడా నాకు అనుమానం. కొమాద్రే అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? కొమాద్రే నోరు తెరిచి అడిగితే కాదనకూడదు. రేపు ఆవిడ ఏదో అడుగుతుంది, నేను ఇక్కడ చేపల మధ్య నిలబడి సరే అనాలి. నా చేతులు కట్టేసి ఇచ్చావు నువ్వు.

రోసౌరాకు ఏం తెలుస్తుందోనని భయమేసి, నేనే ముందుగా క్షమాపణ చెప్పుకుంటూ ఉత్తరం రాశాను.

ఇక్కడ మంచు పడ్డం ఆగలేదు. నా గదిలో బెనిగ్నో అని ఒక ఫిలిప్పీన్స్ మనిషి ఉన్నాడు. గుర్రు పెడితే కిటికీ అద్దం వణుకుతుంది. మనిషి మాత్రం మంచివాడు. మారిసేలాను బాగా చదువుకోమని చెప్పు. నన్ను అడిగిందా?

ఫిదెన్సియో


సన్నీసైడ్
మార్చి 16

ఒరేయ్ తమ్ముడూ,

నీకు నిజంగా మతిపోయింది. రోసౌరాకు ఏమీ తెలియదు. తెలిసే దారీ లేదు. నువ్వు క్షమాపణ రాసి అన్నీ తెలిసేలా చేశావు. నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది నాకు. అందులో దేవుడి పేరు ఆరుసార్లు, నా పేరు పదకొండుసార్లు ఉంది, ఒక్కసారీ మంచిగా లేదు. ఇక సంబంధం మాట, నీకు సంబంధం చూడాలంటే ముందు నీ గడ్డం గీయించాలి. నాకంత ఓపిక లేదు. ఆవిడ పెళ్ళే చేసుకోలేదు, ఆ ఉద్దేశంలోనూ లేదు.

నాకు కోపం లేదనుకోకు. ఆ నోర్మా మీద నాకున్నంత కోపం నీకు లేదు. గత శనివారం పొద్దున్నుంచి కూర్చుని మోలే నూరాను. ఈసారి మాడలేదు. కోడిని వండాను, పక్కింటిది కాదులే. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి, మెడలో వేసుకున్న కార్డు పట్టుకుని, “ఎవెలియా గారూ, కుటుంబాల దగ్గర ఏమీ తీసుకోకూడదని మాకు నియమం” అంది. భోజనం తీసుకోవడమట! కొమాద్రే ఇంట్లో తిననంటే మనకేమనిపిస్తుంది? పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిల్ల ఆ పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టింది.

అయినా ఉన్నది చెప్పుకోవాలి. నీ కూతురికి పన్నెండేళ్ళ వయసు నుంచి డాక్టరు దగ్గరా, కరెంటు ఆఫీసులోనూ మనందరి మాటా ఇంగ్లీషులో చెప్పింది తనే. తన కోసం మాత్రం ఎవరినీ ఏదీ అడగలేదు. లెక్కల్లో తెలివైన పిల్లల తరగతిలో వెయ్యలేదని అక్టోబరు నుంచి ఇంట్లో ఏడుస్తూ కూర్చుంది తప్ప టీచరును అడగలేదు. నోర్మా తనకు అడగడం నేర్పింది. ఆవిడ అడగలేదు, గమనించు. ఆవిడ బయట బల్ల మీద కూర్చుంది, పిల్ల లోపలికెళ్ళి అడిగింది. తరగతి మార్చారు. ఇంకో శనివారం తన ఆఫీసుకు తీసుకెళ్ళి లోయ మొత్తం కాలువల పటాలు చూపించి, ఏ పొలానికి ఎన్ని నీళ్ళో లెక్క కట్టించిందట. పిల్ల ఇంటికొచ్చి భోజనం దగ్గర నీళ్ళ గురించి గంటసేపు మాట్లాడింది. మన మారిసేలా, గంటసేపు!

ఇప్పుడొక కాగితం వచ్చింది. వేసవిలో యూనివర్సిటీలో ఆరు వారాలు ఉంచుకుని చదువు చెబుతారు, పొలం పనివాళ్ళ పిల్లలకు మాత్రమే. బాగా చదివితే వచ్చే ఏడు అక్కడే సీటు, ఫీజు లేదు. లోయ మొత్తంలో నలుగురిని తీసుకున్నారు, అందులో మనది ఒకటి. జూన్ 22న వెళ్ళాలి. మే 30 లోపల తండ్రి సంతకం కావాలని నోర్మా చెప్పింది.

సరేనని రాయి, కాగితం పంపుతాను. నిన్ను అడిగిందా అన్నావు. రోజూ అడుగుతుంది. నేనే రాయడం మర్చిపోయాను.

ఎవెలియా


అలాస్కా
మార్చి 30, ఈస్టరు

అక్కా,

పండగ రోజు కాబట్టి నెమ్మదిగా రాస్తున్నాను. కుదరదు.

పదిహేడేళ్ళ పిల్ల ఆరు వారాలు ఎవరింట్లోనో పడుకోవడం మన ఇంటా వంటా లేదు. మన అమ్మ నిన్ను పక్క వీధికి పంపాలన్నా నన్ను తోడు పంపేది. అక్కడ ఎవరు చూస్తారు తనని? ఏమైనా అయితే ఎవరిని అడగాలి? ఆ నోర్మానా? మన ఇంట్లో ముద్ద ముట్టని మనిషి మన పిల్లను ఇమ్మంటోంది. చెప్పానా లేదా? అడుగుతుందని ముందే రాశాను. అడిగింది.

నేను కాదంటే కొమాద్రే మాట కొట్టేసినవాడినవుతాను, సరేనంటే తండ్రినే కాకుండా పోతాను. ఈ చిక్కులో నన్ను పెట్టింది నువ్వు, కాబట్టి ఆవిడకు నువ్వే చెప్పు. మర్యాదగా చెప్పు. నీ మర్యాద నాకు తెలుసు, అందుకే రెండుసార్లు రాస్తున్నాను.

ఈ రోజు మధ్యాహ్నం భోజనంలో మాకు కోడిగుడ్డు ఇచ్చారు. ముగ్గురు ఏడ్చారు. నేను ఏడవలేదు. కుడి చేతి వేళ్ళు పొద్దున లేవగానే విచ్చుకోవడం లేదు. వేడినీళ్ళలో పెడితే విచ్చుకుంటాయి. ఇది మారిసేలాకు చెప్పకు.

ఫిదెన్సియో


సన్నీసైడ్
ఏప్రిల్ 13

ఫిదెన్సియో,

చెప్పాను. మర్యాదగానే చెప్పాను. నువ్వు మూర్ఖుడివన్న మాట ఒక్కసారే వాడాను.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. బతిమాలుతుందనుకున్నాను. అదీ లేదు. ఆయన అక్కడ ఏం పని చేస్తారు, ఏ నెలలో వస్తారు, ఎన్నాళ్ళుంటారు అని అడిగింది. నేను చెప్పాను. తన పుస్తకంలో రాసుకుని, “అలాగైతే ఆయన కాదనడం సబబే” అంది. ఏమిటి సబబు? నేను పిల్లవైపు నిలబడి నీతో కొట్లాడుతుంటే, పిల్లవైపు నిలబడాల్సిన మనిషి నీకు వత్తాసు పలుకుతుందా? నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

నేనే సంతకం పెడతానన్నాను. అంపారో పోయినప్పటి నుంచి బడి కాగితాల మీద నా పేరే ఉంది. టీకాలకు నేనే పెట్టాను, చెయ్యి విరిగినప్పుడు ఆసుపత్రిలో నేనే పెట్టాను. దీనికి మాత్రం కుదరదట, తండ్రే పెట్టాలట. ఆయనకు తను ఉత్తరం రాయనా అని అడిగింది. రాస్తే చింపేస్తాడని చెప్పాను. “అయితే మారిసేలానే రాయాలి” అంది. అప్పటి నుంచీ ఆవిడ పిల్లతో నీకు ఉత్తరం రాయిస్తోంది. రాస్తుంది, చింపుతుంది. లైబ్రరీలో కూర్చుని ఇద్దరూ చేసే చదువు ఇప్పుడిదే.

ఇంట్లో మారిసేలాకు ఉలుకూ పలుకూ లేదు. గిన్నెలు మాత్రం మాట్లాడుతున్నాయి. నిన్న రెండు కప్పులు పగిలాయి. అంపారో తెచ్చినవి కావులే.

నీ వేళ్ళకు మందు నూనె పంపుతున్నాను. పడుకునే ముందు రాసుకో. రాసుకోవని తెలుసు.

ఎవెలియా


అలాస్కా
ఏప్రిల్ 27

అక్కా,

మారిసేలా ఉత్తరం వచ్చింది. రాసి చింపి, రాసి చింపి పంపిందన్నావు. మూడు వాక్యాలు ఉన్నాయి. “నాన్నా, బాగున్నావా? నేను వెళ్ళాలనుకుంటున్నాను. నువ్వు వద్దంటే వెళ్ళను.” అంతే. కింద పేరు.

అరిచి ఉంటే బాగుండేది. నీలాగా నాలుగు తిట్టినా బాగుండేది. ఈ మూడు వాక్యాలకు నేనేం జవాబు రాయాలి? పని చేస్తూ చేస్తూ అవే చదువుకుంటున్నాను. నిన్న కత్తి గ్లవ్‌ను కోసేసింది, చెయ్యి తెగలేదు.

ఆ నోర్మా పుస్తకంలో రాసుకుందన్నావే, ఆవిడకు వెంటనే తెలిసింది. నా సొంత అక్కవు, నీకింకా తెలియలేదు. క్యాలెండరు చూడు. నేను జూన్ ఇరవై అయిదున వస్తాను. ఆగస్టు అయిదున మళ్ళీ ఎక్కాలి. ఆ ఆరు వారాలే ఈ ఆరు వారాలు. ఏడాది మొత్తంలో నాకు కూతురు ఉండేది అప్పుడే. పోయిన వేసవిలో ఇద్దరం వంటింటికి రంగు వేశాం. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. బ్రష్షు అందించమంటే అందించింది. దాన్ని తలుచుకునే నేను ఈ చలికాలం గడిపాను. వచ్చే ఏడు తను చదువుకు పోతుంది, ఆ తర్వాత ఎవరినో పెళ్ళి చేసుకుంటుంది. నాకు మిగిలింది ఈ ఒక్క వేసవి. దాన్నీ ఇమ్మంటున్నారు మీరు.

నువ్వు సంతకం పెడతానంటున్నావు. పెట్టు. పెడితే ఇక తను నీ కూతురే. సంతకం పెట్టినదాని దగ్గరే ఉండమను, నాకు ఉత్తరాలు రాయొద్దని చెప్పు.

నూనె అందింది. రాసుకోలేదు.

ఫిదెన్సియో


సన్నీసైడ్
మే 11

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. క్యాలెండరు చూడలేదు, నిజమే. ఆ విషయంలో నన్ను తిట్టే హక్కు నీకుంది. మిగతా విషయాల్లో లేదు.

ముందు ఇది విను. మన దేశం లెక్కన నిన్న తల్లుల రోజు. మారిసేలా అంపారో సమాధి మీద పూలు పెట్టి వచ్చి, నా కోసం కేకు చేసింది. అది తింటూ ఊరికే ఆ కాగితం తీసి, ఇందులో ఏముందో నాకు చదివి చెప్పమన్నాను. రెండు నెలలుగా నా దగ్గరే ఉంది, నాకు ఇంగ్లీషు రాదని ఎవరూ చదివి వినిపించలేదు. అట్టడుగున సంతకం చోట, తల్లి గానీ తండ్రి గానీ పెంచే మనిషి గానీ పెట్టొచ్చని ఉంది! పెంచే మనిషి! నేను మార్చిలోనే సంతకం చేసి ఈ గొడవంతా లేకుండా చేసేదాన్ని. నీకూ నాకూ ఈ కొట్లాటే ఉండేది కాదు. ఆ నోర్మా నాతో అబద్ధమాడింది.

ఆవిడ ఇంటికి వెళ్ళాను. తలుపు తియ్యగానే కాగితం మొహం ముందు పెట్టి అడిగాను. ఏమేం అన్నానో నీకు రాయను, తర్వాత ఫాదరుకు చెప్పుకుంటాను. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. ఆవిడ అన్నీ విని, వెనక మెట్ల మీద కూర్చోబెట్టింది. ఆ కార్డు మెడలో లేదు. మన భాషలోనే, ఆగి ఆగి చెప్పింది.

“నాకూ ఇలాంటి కాగితమే వచ్చింది. నాన్న వద్దన్నాడు. అమ్మ ఆయనకు తెలియకుండా సంతకం పెట్టింది. నేను బస్సెక్కాక ఆయనకు తెలిసింది. సంతకం పెట్టినదాని దగ్గరే ఉండమను అన్నాడు. అంతే, ఇంక నాతో మాట్లాడలేదు. పదకొండేళ్ళు. ఆయన పనికి వెళ్ళిన సమయం చూసుకుని అమ్మను చూడ్డానికి వెళ్ళేదాన్ని, బండి చప్పుడైతే వెనక నుంచి వచ్చేసేదాన్ని. ఆయన పోయిన రోజు చర్చిలో ఆఖరి వరుసలో కూర్చున్నాను, ముందుకు రమ్మని ఎవరూ పిలవలేదు.”

కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

“మారిసేలాకు ఫారాలు నింపడం నేర్పగలను, అడగడం నేర్పగలను. తండ్రి పోతే తెచ్చివ్వలేను. అందుకే మీతో అబద్ధం చెప్పాను” అంది.

ఇంకొకటి కూడా చెప్పింది. ఆవిడ జ్ఞానతల్లి కాదట. ఊళ్ళో చాలామంది పెద్దవాళ్ళు ఇలా ఒక్కో పిల్లకు ఒకరు చొప్పున వెళ్తారట. ఈ ఏడాది బడి మూసేదాకానే. జూన్ పదమూడున ఆవిడకూ మనకూ ఏ సంబంధమూ ఉండదు. మరి కొవ్వొత్తి పట్టుకున్న రోజే చెప్పొచ్చు కదా అన్నాను. చెబుదామనుకుందట. “నన్ను ఎవరూ ఏ వరసా పెట్టి పిలవరు, ఎవెలియా గారూ. మీరు పిలిస్తే వద్దనలేకపోయాను” అంది.

ఇప్పుడు నేనేం చెయ్యను, చెప్పు? అందరి మీదా కోపంగా ఉంది. నీ మీద, ఆవిడ మీద, వాళ్ళ నాన్న, ఆ చచ్చిపోయిన ముసలాయన మీద. కాగితం ఇందులో పెడుతున్నాను. నకలు ఒకటి నా దగ్గర ఉంది, దాని మీద సంతకం చోటు ఖాళీగానే ఉంది. పెన్ను తీసుకుని రెండుసార్లు కూర్చున్నాను, నీ ఉత్తరం గుర్తొచ్చి చెయ్యి కదల్లేదు. తను నా కూతురే అయితే నాకేం, సంతోషమే. కానీ తను నా కూతురు కాదు, నీ కూతురు. మే 30, సాయంత్రం అయిదు.

ఎవెలియా


అలాస్కా
జూన్ 1

అక్కా,

నీకు వినపడిందో లేదో తెలియక ప్రాణం విసిగిపోతోంది. అందుకే రాస్తున్నాను.

నీ కవరు ఇరవై ఏడున వచ్చింది. ముందు ఆ నోర్మా తండ్రి మీద నాకు పట్టరాని కోపమొచ్చింది. వీడేం మనిషి, ఒక్క సంతకం కోసం కూతుర్ని పదకొండేళ్ళు బయట నిలబెడతాడా అనుకున్నాను. బెనిగ్నోకు కూడా చెప్పాను, అతనూ తిట్టాడు. తర్వాత అతను పడుకున్నాడు. సంతకం పెట్టినదాని దగ్గరే ఉండమను. ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. నేను రాసిన మాటే అక్కా. అక్షరం తేడా లేదు.

అప్పుడే కాగితం మీద సంతకం పెట్టాను. పొద్దున్నే తీసుకెళ్తే పొగమంచు, విమానం లేదు. మర్నాడూ లేదు. ముప్పయ్యో తేదీనా లేదు. ఆ కాగితం ఇప్పటికీ నా జేబులోనే ఉంది. పని మధ్యలో కత్తి కింద పెట్టేసి ఫోను క్యూకు వెళ్ళాను. నా ముందు ఇరవై మందికి పైగా ఉన్నారు. బెనిగ్నో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఏదో చెప్పాడు, ఏ భాషలో చెప్పాడో నాకు తెలియదు. వాళ్ళు పక్కకు జరిగారు. ఇంటి ఫోను మోగి మోగి ఆగిపోయింది. అందుకే షెడ్డుకు చేశాను. ఎవరో ఎత్తారు, వెనక బెల్టు చప్పుడు. నువ్వు రాగానే ‘నేనే, నా మాటగా నువ్వే పెట్టు, నేను సరేనన్నాను’ అన్నాను. నువ్వేదో అన్నావు, సగం వినపడింది, లైను పోయింది.

పెట్టావా? అయిదు లోపల చేరిందా?

చేరి ఉంటే ఇంకొకటి. తను వెళ్ళే రోజుకు నేను ఉండను, మూడు రోజులు తేడా. తండ్రి దీవెన లేకుండా గుమ్మం దాటించకు. తల మీద చెయ్యి పెట్టి, నుదుట సిలువ గీసి, నా పేరు చెప్పి దీవించు. నీ పేరు కాదు.

ఫిదెన్సియో


సన్నీసైడ్
జూన్ 22

తమ్ముడూ,

నువ్వు వచ్చేలోపల ఈ ఉత్తరం నీకు అందదు. అయినా రాస్తున్నాను. ఇల్లు ఖాళీగా ఉంది, కూర్చుంటే ఏడుపొస్తోంది, పక్కింటి పుంజు తప్ప మాట్లాడేవాళ్ళు లేరు.

వినపడింది. అరవై మంది ఆడవాళ్ళకూ వినపడింది. సూపర్‌వైజరు బెల్టు ఆపించి, “ఎవెలియా, అలాస్కా నుంచి ఫోను” అని మైకులో చెప్పాడు. నువ్వు పోయావనుకున్నాను. తీరా నీ గొంతు విని, అంత భయపెట్టినందుకు నిన్ను తిట్టాను. నీకు సగమే వినపడిందంటే దేవుడి దయే. నాలుగు గంటలకు అదే ఏప్రనుతో నోర్మా ఆఫీసుకు పరుగెత్తాను. ఆవిడ బల్ల మీద, ఆవిడ పెన్నుతో, నా పేరు రాసి, కింద “తండ్రి ఫిదెన్సియో మాటగా” అని మన భాషలో రాశాను. ఇంగ్లీషు కాగితం మీద అలా రాయొచ్చో లేదో నాకు తెలియదు. నోర్మా అది చదివి తీసుకుంది. ఫ్యాక్సు మిషను దగ్గర నిలబడి, అది లోపలికి పోయేదాకా దాని మీద చెయ్యి పెట్టే ఉంచింది. నాలుగూ నలభైకి చేరింది.

మారిసేలాకు సాయంత్రం చెప్పాను. “నాన్న ఫోను చేశాడా? షెడ్డుకా?” అని మూడుసార్లు అడిగింది. సీటు సంగతి తర్వాతే అడిగింది. ఆదివారాలు ఇంటివాళ్ళు రావచ్చట. నువ్వు రాగానే గడ్డం గీసుకో, ప్రతి ఆదివారం వెళ్తున్నావు. నాలుగు గంటల ప్రయాణం. తను నిన్ను ఆ యూనివర్సిటీ అంతా తిప్పి చూపిస్తుందట, ఇప్పుడే పటం గీసి పెట్టుకుంది.

ఇక ఈ రోజు పొద్దున సంగతి. నోర్మా కారు తీసుకొచ్చింది. ఆవిడ పని పదమూడునే అయిపోయింది. ఎందుకొచ్చారని అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పెట్టె కార్లో పెట్టాక మారిసేలాను గుమ్మంలో నిలబెట్టాను. మోకాళ్ళ మీద కూర్చుంది. నువ్వు చెప్పినట్టే చేశాను. “మీ నాన్న ఫిదెన్సియో పేరుమీద, నువ్వు వెళ్ళే దారి చల్లగా ఉండాలి, వెళ్ళినదానివి క్షేమంగా ఇంటికి రావాలి” అన్నాను. పిల్ల ఏడ్చింది, నేను ఏడవలేదు. కాసేపటి తర్వాత ఏడ్చాను.

తలెత్తి చూస్తే, కారు దగ్గర నోర్మా తాళాలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆవిడ మొహం చూడలేకపోయాను తమ్ముడూ. బస్సెక్కిన రోజు ఈవిడకు ఎవరూ చెయ్యలేదు కదా అనిపించింది. “ఇలా రా” అన్నాను. ‘మీరు’ అనలేదు, ఆ మాటకు నోరు తిరగలేదు. “నాకెందుకు ఎవెలియా గారూ, నాకు యాభై రెండేళ్ళు” అంది. “రమ్మంటే రా” అని కసిరాను. వచ్చింది. నీ కూతురు లేచిన చోటే మోకాళ్ళ మీద కూర్చుని తల వంచింది.

తండ్రి పేరు చెప్పాలి. వాళ్ళ నాన్న పేరు నాకు తెలియదు. తెలిసినా ఆ పేరు చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకని నీ పేరే చెప్పాను. నీకు అభ్యంతరం ఉంటే ఉండనీ, వెనక్కి తీసుకోవడం కుదరదు.

అక్క,
ఎవెలియా